నీటి గీత కింది పొక్కులు

రంగుల మేస్త్రికి రేవులో మంచి పేరుండేది. రెండేళ్లలో ఆ పేరు పోయింది. పోయిందల్లా ఊరికే పోకుండా, పోతూ పోతూ ఇంకో పేరు తగిలించి మరీ పోయింది. ఇప్పుడు ఆయన్ని అందరూ 'పొక్కుల మేస్త్రి' అంటున్నారు. ఎదురుగా ఎవరూ అనరు. ఆయన నాలుగడుగులు దాటాక అంటారు. కానీ మేస్త్రివి పాము చెవులు. నలభై అడుగులు దాటినా వినిపిస్తుంది.

దీనంతటికీ మూలం పడవమ్మ పడవ.

ఉప్పునీటి పాయకి ఇవతలి ఒడ్డు నుంచి అవతలి ఒడ్డుకి జనాన్ని దాటించే చెక్కపడవ అది. ముప్ఫై మంది మనుషులు, నాలుగు సైకిళ్లు ఎక్కినా ఇంకా చోటుంటుంది. భర్త పోయిన మర్నాటి నుంచి చుక్కాని ఆవిడే పట్టుకుంది. అప్పట్నించీ ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, పడవమ్మ అనే అంటారు. ఆవిడకి శుభ్రం పిచ్చి. మామూలు పిచ్చి కాదు. బురద చెప్పులతో పడవెక్కితే మనిషిని దింపి, చెప్పులు కడిగించి, మళ్లీ ఎక్కించుకునేది. పొద్దున్న మొదటి దాటుకి ముందోసారి, సాయంత్రం చివరి దాటు అయ్యాకోసారి పడవని లోపలంతా కడిగేది. ఉప్పునీళ్లతో కడిగితే కడిగినట్టుండదని పంపు దగ్గర్నుంచి బిందెలతో మంచినీళ్లు మోసుకొచ్చి, సబ్బు పొడి జల్లి, చీపురు అరిగిపోయేదాకా రుద్దేది.

ఏడాదికోసారి ఆ పడవని ఒడ్డుకి లాగి, రేకుల షెడ్డు కింద దిమ్మల మీద కూర్చోబెడతారు. ముందు వడ్రంగి చూసి పాడైన పలకలు మారుస్తాడు. తర్వాత మేస్త్రి రంగు వేస్తాడు. పదిహేనేళ్లు అలాగే జరిగింది. ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

రెండేళ్ల కిందట పడవని ఒడ్డుకి లాగితే, నీటి గీత పైన రంగు అద్దంలా ఉంది. మొహం చూసుకోవచ్చు. నీటి గీత కింద మాత్రం కప్ప వీపులా ఉంది. చేత్తో రాస్తే ఒకటే పొక్కులు. ఒక్కోటీ శనగగింజంత.

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. మొత్తం గీకి, ఈసారి ఖరీదైన రంగు తెప్పించి, రెండు పూతలకి బదులు నాలుగు పూతలు దట్టంగా వేశాడు. "ఇప్పుడు రమ్మను పొక్కుని!" అని బ్రష్షు ఝాడించాడు. వచ్చింది. మరుసటి ఏడు గోలీకాయంత వచ్చింది.

"చెక్క తడిగా ఉండగా నా చేతికిచ్చాడు. నేనేం చెయ్యను?" అన్నాడు మేస్త్రి.

"రంగులో నీళ్లు కలిపాడు. పలకలేం చేస్తాయి?" అన్నాడు వడ్రంగి.

ఇద్దరూ పరాయివాళ్లైతే రెండు రోజులు తిట్టుకుని మర్చిపోయేవాళ్లు. వడ్రంగి మేస్త్రి భార్యకి స్వయానా అన్నయ్య. అంచేత మర్చిపోవడం కుదరలేదు. మొదటి పొక్కుల నాడే పుట్టిన ఆ మాట నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒకే వీధిలో ఎదురెదురు ఇళ్లు. పొద్దున్నే ఇద్దరూ ఒకే వేళకి గుమ్మంలోకొచ్చి పళ్లు తోముకుంటూ, ఒకళ్ల నెత్తి మీదుగా ఒకళ్లు ఆకాశంలోకి చూసేవాళ్లు.

మధ్యలో నలిగిపోయింది మేస్త్రి భార్యే. ఆవిడ వీధి చివర ఆస్పత్రిలో నర్సు. కట్లు కట్టే గదంతా ఆవిడ చేతి మీదే నడుస్తుంది. రోజంతా అరిచే రోగులతో వేగి ఇంటికొస్తే, "మీ అన్నయ్యతో చెప్పు, నిచ్చెన తిరిగిమ్మని" అని మొగుడు. గుమ్మం దాటితే, "చెల్లీ, మీ ఆయనతో చెప్పు, నిచ్చెన నాదేనని" అని అన్న.

"మీ ఇద్దరికీ మత్తుమందిచ్చి పక్కపక్క మంచాల మీద పడుకోబెడతాను ఒకరోజు" అనేది నర్సమ్మ.

మూడో ఏడు వచ్చింది. పడవని ఒడ్డుకి లాగారు. మేస్త్రి కళ్లు మూసుకుని చెయ్యి పెట్టి చూశాడు. కళ్లు తెరవాల్సిన పని లేకపోయింది.

పడవమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని ఇద్దర్నీ పిలిచింది. వాళ్లు పడవకి చెరో వైపు నిలబడ్డారు, ఒకళ్ల మొహం ఒకళ్లకి కనపడకుండా.

"ఇదిగో, ఇద్దరూ వినండి. నాకు మీ గొడవతో పని లేదు. ఈసారి కూడా పొక్కొచ్చిందంటే ఈ పడవ అమ్మేసి ఫైబర్ పడవ తెచ్చుకుంటాను. దానికి వడ్రంగీ అక్కర్లేదు, రంగూ అక్కర్లేదు. కడుక్కుంటే చాలు."

కడుక్కుంటే చాలన్నప్పుడు ఆవిడ కళ్లలో మెరుపు చూసి మేస్త్రి గుండెలో రాయి పడింది. ఉత్తుత్తి బెదిరింపు కాదు, ఆవిడకి నిజంగానే మనసు పడింది.

ఆ రోజు ఇంటికొస్తుంటే వీధి వీధంతా సలహాలు. మంగలి దుకాణంలోంచి కేకేసి, "గీకేముందు మెత్తబడేదాకా తడపాలి మేస్త్రీ, గడ్డానికైనా అంతే" అన్నాడు. దర్జీ కత్తెర ఆపి, "గుడ్డ ముందే తడిపి ఆరేసి కుట్టాలి, లేకపోతే ముడుచుకుంటుంది. చెక్కా అంతేనేమో చూడు" అన్నాడు. టీ కొట్టాయన ఏమీ అనకుండా టీ ఇచ్చాడు. దాని మీద మీగడ పొక్కులా తేలుతోంది. మేస్త్రి తాగకుండానే లేచొచ్చేశాడు.

అన్నం ముందు కూర్చున్నా మెతుకు దిగలేదు.

"ఇక బ్రష్షు కట్టిపెట్టెయ్యడమే" అన్నాడు. "పాతికేళ్ల పని. నీళ్లు వదులుకోవడమే."

నర్సమ్మ మజ్జిగ పోస్తూ, "ఆ పొక్కు కోసి చూశారా?" అంది.

"కోసి చూసేదేముంది? పొక్కంటే పొక్కే."

"పొక్కంటే పొక్కే ఏంటండీ? కాలితే వచ్చే పొక్కు వేరు, చెప్పు కరిస్తే వచ్చే పొక్కు వేరు, పురుగు కుడితే వచ్చేది వేరు. లోపల ఏముందో చూడకుండా మందు రాస్తే మా డాక్టరుగారు నన్ను మెడ పట్టుకు గెంటేస్తారు. మీరు రెండేళ్లుగా చూడకుండానే పైన రాస్తున్నారన్నమాట!"

మేస్త్రి మజ్జిగన్నం కలపడం ఆపేశాడు. నిజమే. ప్రతి ఏడూ పొక్కులు కనబడగానే కోపంతో గీకేశాడే గాని, ఒక్కదాన్నైనా కుదురుగా చూడలేదు.

మర్నాడు డ్యూటీకి వెళ్లేముందు నర్సమ్మ తెల్ల చీరలోనే షెడ్డుకొచ్చింది. చేతిలో స్టీలు డబ్బా. అందులో మరిగించిన సూది, చిన్న పట్టుకారు, దూది. చేతులకి తొడుగులు వేసుకుని, కింద గోనెసంచి పరుచుకుని, పడవ కిందికి వెల్లకిలా దూరింది. మేస్త్రి టార్చిలైటు పట్టుకున్నాడు. అవతలి వైపు వడ్రంగి రంపానికి పదును పెడుతున్నట్టు నటిస్తూ మెడ మాత్రం ఇటే సాచాడు.

నర్సమ్మ ఓ పెద్ద పొక్కు ఎంచుకుని సూదితో గుచ్చింది. లోపల్నుంచి నీటిచుక్క జారి ఆవిడ చేతి తొడుగు మీద పడింది.

"నీళ్లు" అంది.

"చెల్లీ, రంగులో నీళ్లు కలిపారని నేనప్పుడే అన్నానని చెప్పు" అన్నాడు వడ్రంగి రంపంతో.

"ఆ నీళ్లు చెక్కలోంచి వచ్చాయని మీ అన్నయ్యతో చెప్పు" అన్నాడు మేస్త్రి టార్చితో.

"ఇద్దరూ నోరు మూసుకోండి" అని నర్సమ్మ పట్టుకారుతో ఆ పొక్కు తోలు మెల్లగా ఒలిచి, తిరగేసి వెలుతుర్లో పెట్టింది. తోలు వెనకాల సన్నటి చెక్క పీచు అంటుకుని ఉంది. ఒలిచిన చోట పచ్చి చెక్క, తడిసి నల్లగా మెరుస్తోంది.

"పూతకి పూత గట్టిగానే పట్టుకుంది. నాలుగూ కలిసే ఊడాయి. చెక్క దగ్గరే విడిపోయింది. లోపలి తడి బయటికి రావాలని చూసింది, దారిలో రంగు అడ్డమొచ్చింది, నెట్టేసింది. మీరెంత దట్టంగా వేస్తే అంత పెద్ద పొక్కు."

మేస్త్రికి ఏనుగెక్కినంత సంబరమైంది. "చెప్పు, మీ అన్నయ్యతో చెప్పు! తడి చెక్కదే!"

"బయట పాయలోంచి ఇంకి ఉండొచ్చుగా? ఎంతైనా ఉప్పునీళ్లలో తేలే పడవ" అన్నాడు వడ్రంగి. ఈసారి రంపం పక్కన పెట్టేశాడు.

"పాయ నీళ్లైతే ఉప్పగా ఉండాలి" అని నర్సమ్మ ఇంకో పొక్కు దగ్గర సూది పెట్టి ఆగింది. "ఎవరో ఒకరు రుచి చూడండి. నావల్ల కాదు. ఆస్పత్రిలో నాకలాంటి అలవాటు లేదు."

మేస్త్రి పరువు పందెంలో ఉంది. వేలు చాపాడు. చుక్క పడింది. కళ్లు గట్టిగా మూసుకుని నాలిక మీద పెట్టుకున్నాడు. మొహం అష్టవంకర్లు తిరిగింది.

"ఉప్పు లేదు."

"ఆయన మాట నేను నమ్మను" అని వడ్రంగి పడవ కిందికి పాకాడు. మూడో పొక్కు చుక్క ఆయన వేలి మీద పడింది. ఆయనా నాకాడు. ఆయన మొహం కూడా అలాగే వంకర్లు తిరిగింది. బావలిద్దరూ చప్పరించి, ఆలోచించి, మళ్లీ చప్పరించి, ఒక్కసారే అన్నారు:

"సబ్బు!"

రెండేళ్లలో ఇద్దరి నోటా ఒకే మాట రావడం అదే మొదలు. ఆ సంగతి గ్రహించేలోపే వాళ్ల ముగ్గురి తలల మీద 'సర్...సర్...' అని చప్పుడు వినబడింది. పైన పడవలో ఎవరో చీపురుతో రుద్దుతున్నారు. పడవ ఒడ్డుకెక్కినా, లోపల ఒక్క కాలైనా పెట్టే మనిషి లేకపోయినా, పడవమ్మ పొద్దుటి కడుగుడు మానలేదు.

ముగ్గురూ వెల్లకిలా పడుకున్నవాళ్లు అలాగే ఉండిపోయారు.

"మూడేళ్ల కిందట..." అన్నాడు వడ్రంగి నెమ్మదిగా, పడవ అడుగునే చూస్తూ. "లోపల నేల చెక్కల మధ్య సందుల్లో మట్టి ఇరుక్కుంటోందని ఆవిడ గోల పెడితే, సందు లేకుండా దగ్గరదగ్గరగా కొత్త చెక్కలు పరిచి మేకులు కొట్టేశాను. అంతకు ముందు ఎత్తి తీసుకునేలా ఉండేవి."

"దాని మీద లప్పం పెట్టి మూడు పూతలు రంగేశాను" అన్నాడు మేస్త్రి. ఆయన గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. "గాలి కూడా దూరకూడదని చెప్పి వెయ్యమంది. దూరకుండానే వేశాను."

కడిగిన నీళ్లు పడవ పక్కల వెంట మిగిలిన అంచుల సందుల్లోంచి కిందికి దిగుతున్నాయి. దిగినవి పడవ కడుపులో నిలిచిపోతున్నాయి. ఎండ లేదు, గాలి లేదు. రోజుకి రెండుసార్లు, మూడేళ్లు. పలకలు లోపల్నుంచి తాగుతూనే ఉన్నాయి.

తప్పు సగం సగం పంచుకున్నాక, అసలు చిక్కు బయటపడింది. పడవమ్మకి ఈ మాట ఎవరు చెప్పాలి?

మేస్త్రి వడ్రంగి వంక చూశాడు. వడ్రంగి నర్సమ్మ వంక చూశాడు. నర్సమ్మ గడియారం వంక చూసుకుంది. చివరికి మేస్త్రే బయటికొచ్చి, తలపాగా సర్దుకుని, "అమ్మా..." అన్నాడు.

"ఏం మేస్త్రీ?" పడవమ్మ చీపురు ఆపింది.

"అదేనమ్మా... నీళ్లు... అంటే మంచినీళ్లే అనుకోండి... మీరు బాగానే కడుగుతారు... అంత బాగా ఎవరూ కడగరు..."

"నీళ్లు నమలకుండా చెప్పు!"

మేస్త్రి నోట్లో ఇంకా సబ్బు రుచి ఉంది. ఆ మాట వినగానే దగ్గొచ్చింది. నర్సమ్మ ముందుకొచ్చింది. రోగి బంధువులతో మాట్లాడే గొంతు తెచ్చుకుని, "అమ్మా, కట్టు కట్టిన పుండుని రోజుకి రెండుసార్లు తడిపితే ఏమవుతుంది?" అంది.

"చీము పడుతుంది. ఆ మాత్రం తెలీదా?"

"మీ పడవకదే అయిందమ్మా. పైన మూత బిగించేశారు, కిందికి రోజూ నీళ్లు వెళ్తున్నాయి."

పడవమ్మ ఒంటికాలి మీద లేచింది. "నా శుభ్రం వల్ల జబ్బా? ముప్ఫై మంది ఎక్కి దిగే పడవ, అన్నం పెట్టుకు తినొచ్చు, అంత శుభ్రంగా ఉంచితే నాదా తప్పు? తియ్యండి! ఇప్పుడే తియ్యండి ఆ చెక్కలు! ఒక్క చుక్క లేకపోతే మీ ముగ్గురి సంగతీ చెప్తాను!"

వడ్రంగి గునపం పెట్టి రెండు చెక్కలు లేపాడు. మేకులు కీచుమన్నాయి. ఆ తర్వాత వాసన వచ్చింది. మేస్త్రి రెండడుగులు వెనక్కి వేశాడు. రకరకాల పుళ్లు చూసిన నర్సమ్మే చీర చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. అడుగున జానెడు లోతు నల్లటి నీళ్లు, వాటి మీద తెల్లటి సబ్బు తరక. అందులో పక్క సందుల్లోంచి జారిపడ్డ పండ్లూడిన దువ్వెనలు, చెప్పుల బొందులు, ఎవరిదో కళ్లజోడు.

పడవమ్మ వంగి ఆ కళ్లజోడు రెండు వేళ్లతో ఎత్తింది. అది ఆవిడదే. కిందటేడు పోయినప్పుడు పోస్టుమాను కొట్టేశాడని ఆవిడ అందరితో చెప్పింది. ఆరోజు నుంచీ అతన్ని పడవలో తన గొడుగు నీడన కూర్చోనివ్వడం మానేసింది.

ఆవిడ పడవ అంచు మీద కూలబడింది.

"మూడేళ్లుగా మురిక్కాలవ మీద చుక్కాని పట్టుకుని కూర్చున్నానా నేను?" అంది. గొంతులో అరుపు లేదు. మేస్త్రి ఆవిణ్ణి ఎప్పుడూ అలా చూడలేదు. ఫైబర్ పడవ మాట మళ్లీ ఎత్తుతుందేమోనని భయపడ్డవాడు, ఆ క్షణంలో ఆ సంగతే మర్చిపోయి, "పోనీలెండమ్మా, పెయింటు మీద పెయింటు కొట్టుకుంటూ పోయిన గాడిదని నేనుండగా మీకెందుకు బాధ" అన్నాడు.

"గాడిదవే" అని ఆవిడ లేచింది. "సరే, ఇప్పుడేం చెయ్యాలో చెప్పు."

చెయ్యాల్సింది మేస్త్రికి బాగా తెలుసు. కష్టమల్లా ఆగడమే. నేల చెక్కలన్నీ లేపి, కడుపులో నీళ్లు తోడి, తుడిచారు. అడుగున ఉన్న పాత రంగంతా చెక్క కనబడేదాకా గీకారు. ఇక ఆరాలి. ఎండలో పెడితే పలకలు పగుళ్లిస్తాయి, అందుకని నీడలోనే, గాలి తగిలేలా ఆరాలి. ఎన్నాళ్లని అడిగితే చెక్కకి తెలియాలి.

రోజూ సాయంత్రం మేస్త్రి అరచెయ్యంత ప్లాస్టిక్ కాగితం తీసుకుని నాలుగు చోట్ల చెక్క మీద పెట్టి, చుట్టూ టేపు గట్టిగా అంటించేవాడు. మర్నాడు పొద్దున చూస్తే, చెక్కలో తడి ఉంటే కాగితం లోపలి వైపు ఆవిరి పడుతుంది. నర్సమ్మ జ్వరం కాగితం లాంటిది ఒకటి గీసి షెడ్డు స్తంభానికి అంటించింది. మొదటి రోజు: 'బాగా చెమట.' నాలుగో రోజు: 'చెమట.' తొమ్మిదో రోజు: 'కొద్దిగా చెమట, రోగి నెమ్మదిగా ఉన్నాడు.'

నెమ్మదిగా లేనిది చుట్టూ ఉన్నవాళ్లే. పడవ లేక జనం ఎగువనున్న వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్తూ, మేస్త్రి ఇంటి ముందు కాసేపాగి మరీ తిట్టి వెళ్లేవాళ్లు. పడవమ్మకి పడవ మీద చుక్క నీరు పొయ్యకూడదని ఆంక్ష. పొద్దున్నే లేవగానే ఆవిడ చేతులు దురదపెట్టేవి. షెడ్డు స్తంభాలు కడిగింది. రేవు మెట్లు కడిగింది. మేస్త్రి సైకిలు కడిగింది, దాంతో బెల్లు మోగడం మానేసింది. ఒకరోజు వడ్రంగి రంపాలన్నీ సబ్బుతో తోమి ఆరబెట్టింది. సాయంత్రానికి అవన్నీ తుప్పు పట్టి ఎర్రగా ఉన్నాయి.

వడ్రంగికి ఏడుపొక్కటే తక్కువ. వెళ్లి మేస్త్రి భుజం పట్టుకుని, "బావా, ఈవిడకి తొందరగా పడవ అప్పజెప్పకపోతే నన్ను కూడా కడిగేస్తుంది" అన్నాడు.

బావా అనేశాడు. అనేశాక ఇద్దరికీ తెలిసింది. మేస్త్రి గొంతు సవరించుకుని, "కిరోసిన్ రాసి ఉంచు, తుప్పు వదుల్తుంది" అన్నాడు. అంతే. రెండేళ్ల మౌనం కిరోసిన్ దగ్గర ముగిసింది.

పందొమ్మిదో రోజు పొద్దున నాలుగు కాగితాలూ ఆరిన అద్దాల్లా ఉన్నాయి. నర్సమ్మ 'చెమట లేదు' అని రాసి కింద గీత గీసింది. ఆవిడ గీత గీసేసరికే పడవమ్మ రంగు డబ్బాలు మోసుకొచ్చేసింది.

"మధ్యాహ్నానికి ఒక పూత అయిపోవాలి మేస్త్రీ."

"ఇవాళ వెయ్యను."

"ఏం?"

"అప్పుడే ఎండెక్కిందమ్మా, ఈ రేకుల కింద మధ్యాహ్నానికి చెక్క కాలిపోతూ ఉంటుంది. వేడి చెక్క మీద వేస్తే పైపొర వెంటనే ఆరిపోతుంది, లోపల రంగులో కలిపిన టిన్నరు ఇరుక్కుంటుంది. అదీ పొక్కే. రేపు పొద్దున మంచు ఆరాక, ఎండ ముదరకముందు వేస్తాను. అది కూడా మొదటి పూత నీళ్లలా పల్చగా వేస్తాను. చెక్క పీల్చుకోవాలి. దాని మీద మూడు రోజులాగి రెండోది."

పడవమ్మ నోరు తెరిచింది. మేస్త్రి చూపు చూసి మూసుకుంది. రెండేళ్లుగా తల దించుకు తిరిగిన మనిషి చూపు కాదది.

మర్నాడు పొద్దున చేతిలో గంటన్నర టైమే ఉంది. ఒక్కడివల్ల కాదు. మేస్త్రి ఎవర్నీ పిలవలేదు, కానీ అవతలి వైపు బ్రష్షు తడిపిన చప్పుడు వినబడింది. వడ్రంగి చొక్కా విప్పి నిలబడ్డాడు. వాళ్లకి ముందు పడవమ్మ పొడిగుడ్డతో పలక పలకా తుడుచుకుంటూ వెళ్లింది. నలక కాదు, నలక నీడ కూడా మిగల్లేదు. పడవకి చెరో వైపు నుంచి మొదలుపెట్టి ఇద్దరూ అడుగున మధ్య దూలం దగ్గర కలుసుకోవాలి.

"బావా, నీ వైపు కారుతోంది."

"కారడం కాదు, పీల్చుకుంటోంది. నీ మేకుల తలలు నువ్వు చూసుకో."

"నా మేకులకేం? ఒక్కటి పైకుందని చూపించు!"

"చూపించనా? పెన్ను పట్టుకుని లెక్కపెట్టుకో!"

గంటన్నర సేపు ఆగకుండా తిట్టుకున్నారు. రెండేళ్ల బాకీ అంతా తీరింది. రంగు మాత్రం ఎక్కడా కారలేదు.

మూడు పల్చటి పూతలు, ప్రతి పూతకీ మధ్య మూడేసి రోజులు. నేల చెక్కలకి వడ్రంగి ఈసారి మేకులు కొట్టలేదు. వేలు దూర్చి ఎత్తేలా రంధ్రాలు పెట్టాడు. పడవని నీళ్లలోకి దించిన రోజు రేవంతా వచ్చింది.

దించిన పావుగంటకి పడవమ్మ కేక రెండో ఒడ్డుకి వినబడింది. "మునిగిపోతోంది! నా పడవ మునిగిపోతోంది!"

పలకల అతుకుల్లోంచి నీళ్లు సన్నగా, ఉత్సాహంగా లోపలికొస్తున్నాయి. మేస్త్రి బక్కెట్టు కోసం పరుగెత్తాడు. వడ్రంగి మాత్రం ఒడ్డున కూర్చుని చుట్ట వెలిగించాడు.

"మునగడం కాదమ్మా, తాగుతోంది. అన్నాళ్లు ఆరితే పలకలు కుంచించుకుపోయాయి, దాహం వేసింది. రెండు రోజులు తాగి ఉబ్బితే అతుకులు వాటంతటవే మూసుకుంటాయి. అందాకా తోడుతూ ఉండండి."

పడవమ్మ రెండు రోజులు బక్కెట్టుతో తోడింది. ఒక పూట పోస్టుమాను కూడా తోడాడు. ఆవిడ క్షమాపణ చెప్పలేదు గానీ, తోడుతున్నంతసేపూ తన గొడుగు అతని నెత్తి మీద పట్టింది. మూడో రోజుకి పడవ కడుపు పొడిగా ఉంది.

నెలన్నర గడిచాక ఒకరోజు ఆటుకి పాయలో నీళ్లు బాగా తీశాయి. పడవ ఇవతలి ఒడ్డు బురదలో ఒక పక్కకి ఒరిగి కూర్చుంది. అడుగంతా బయటపడింది. వడ్రంగీ మేస్త్రీ మోకాటిలోతు బురదలో నడిచి వెళ్లి, వెల్లకిలా పడుకుని, చెరో వైపు నుంచి చేత్తో తడుముకుంటూ వచ్చారు. మేస్త్రి చెయ్యి మెల్లగా పాకుతోంది. 

"బావా!" అన్నాడు వడ్రంగి. "ఇక్కడొకటి తగిలింది."

మేస్త్రి నీరుగారిపోయాడు. పక్కకి దొర్లి వెళ్లి చూశాడు. నిజమే, బఠాణీగింజంత ఎత్తుగా ఉంది. వేలితో తాకాడు. అది కొంచెం పక్కకి జరిగింది.

"నత్త" అన్నాడు వడ్రంగి.

ఇద్దరూ బురదలో పడుకుని పొట్టలు పట్టుకు నవ్వారు. నవ్వు ఆగాక మిగతాదంతా తడిమి చూశారు. ముక్కు దగ్గర్నుంచి చుక్కాని దాకా ఒక్క పొక్కు లేదు. మేస్త్రి అరచెయ్యి రంగు మీదే ఆన్చి కాసేపు అలాగే ఉంచాడు. వడ్రంగి తొందరపెట్టలేదు.

చీలమండల దగ్గర చల్లగా తగిలితే గాని పోటు మొదలైందని తెలియలేదు. మేస్త్రి లేవబోతే నడుం పట్టేసింది. వడ్రంగి చంకల కింద చేతులేసి లాగాడు, ఆయనా జారాడు, ఇద్దరూ మళ్లీ కూలబడ్డారు. ఎలాగోలా లేచి ఒడ్డెక్కారు.

"మా ఇంట్లో భోంచేసి వెళ్లు" అన్నాడు మేస్త్రి. "మీ చెల్లెలు ఇవాళ పెందరాళే వస్తానంది."

వడ్రంగి పక్కనే నడిచాడు. గుమ్మంలో నిలబడ్డ నర్సమ్మకి వీధి మలుపు దగ్గర నిలువెల్లా బురద పూసుకున్న మనుషులిద్దరు కనబడ్డారు. ఎవరు ఎవరో పోల్చుకోవడం ఆవిడకి కూడా కష్టమైంది. ఇద్దరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు, ఇద్దరిలో ఎవరూ వినడం లేదు. ఆవిడ లోపలికెళ్లి ఇంకో గ్లాసు బియ్యం పొయ్యి మీదికెక్కించింది.